మందు ముట్టనిదాన్ని, నాకు ఫ్యాటీ లివర్ ఏమిటి?

ప్రశ్న: నా వయసు 44. కొన్ని నెలలుగా కడుపులో కుడివైపు పైభాగంలో బరువుగా ఉంటోంది. పిత్తాశయంలో రాళ్ళేమోనని స్కానింగ్ చేయిస్తే రాళ్ళు లేవు గానీ 'గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్' అని రాశారు. పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క మందు తాగినదాన్ని కాదు, అయినా విన్నవాళ్ళు నన్ను అదోలా చూస్తున్నారు. ఒక డాక్టరు 'ఈ రోజుల్లో ఇది చాలామందికి ఉంటుంది, పట్టించుకోకండి' అన్నారు. ఇంకొకరు ఫైబ్రోస్కాన్ అన్నారు, అవసరమైతే బయాప్సీ అన్నారు. గ్రేడ్ 2 తర్వాత గ్రేడ్ 3, ఆ తర్వాత సిర్రోసిస్సేనా? కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్ర రాశారు, లివర్ పాడవుతుందని భయపడి మొదలుపెట్టలేదు. లివర్‌ను శుభ్రం చేస్తుందన్నారని ఒక మూలికల సిరప్ తెచ్చుకున్నాను. నా అంకెలు ఇవి: ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, నడుము 92 సెంటీమీటర్లు, బీపీ 126/82, పరగడుపు షుగర్ 108, హెచ్‌బీఏ1సీ 6.0, ట్రైగ్లిజరైడ్లు 190, హెచ్‌డీఎల్ 39, ఎల్‌డీఎల్ 162, ఎస్‌జీఓటీ 34, ఎస్‌జీపీటీ 49 (ల్యాబ్ 50 వరకు నార్మల్ అని వేసింది), ప్లేట్‌లెట్లు 2,40,000. మా అక్కకు పదేళ్ళుగా షుగర్ ఉంది గానీ ఆవిడకు లివర్ సమస్యేమీ లేదు.

సమాధానం:

అమ్మా, ఉత్తరమంతా స్కానింగ్ గురించి రాసి, ఈ అంకెలన్నీ చివర్లో ఒక వరుసలో ఇచ్చేశారు. నేను మాత్రం ముందు వాటినే చదివాను. మీ జబ్బు గురించి స్కానింగ్ కాగితం చెప్పినదానికంటే ఆ ఒక్క వరుస ఎక్కువ చెబుతోంది. మిమ్మల్ని చూసిన ఇద్దరు డాక్టర్లలో ఎవరైనా వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి మీకు వివరించి ఉంటే ఇంత టెన్షన్ పడేవారు కాదు, ఆ సిరప్ కొనేవారూ కాదు.

మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది 'తాగనిదాన్ని, నాకెందుకు' అన్న ప్రశ్న కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. తాగుడుతో కాలేయానికి కొవ్వు పడుతుందన్నది నిజమే. అదొక్కటే కారణం అనుకోవడమే తప్పు, ఆ తప్పు వైద్యులు కూడా చాలాకాలం చేశారు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జుర్గెన్ లుడ్విగ్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు 20 మంది రోగుల కాలేయ బయాప్సీల (కాలేయం నుంచి తీసిన చిన్న ముక్కల పరీక్షల) గురించి రాశారు. మైక్రోస్కోపు కింద అచ్చం తాగేవాళ్ళ కాలేయంలా ఉంది, తీరా చూస్తే వాళ్ళు తాగేవాళ్ళు కాదు. చాలామంది లావుగా ఉన్నవాళ్ళు, కొందరికి షుగర్ ఉంది. అప్పటిదాకా పేరే లేని ఆ జబ్బుకు వాళ్ళు 'మద్యంతో సంబంధం లేనిది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరు నలభై ఏళ్ళకు పైగా నడిచింది. కానీ అది జబ్బు ఏది కాదో చెప్పిందే తప్ప ఏమిటో చెప్పలేదు. పైగా పేరులోనే మద్యం మాట ఉండటం వల్ల మీలాంటి వాళ్ళు అనవసరంగా తలదించుకోవాల్సి వచ్చింది. అందుకే 2023 జూన్‌లో వివిధ దేశాల కాలేయ వైద్య సంఘాలు కలిసి ఆ పేరు తీసేసి ఎంఏఎస్‌ఎల్‌డీ అని మార్చాయి. శరీరం తిండిని, శక్తిని వాడుకునే తీరు, అంటే మెటబాలిజం, గాడి తప్పడం వల్ల కాలేయంలో కొవ్వు చేరే జబ్బు అని దాని భావం. కొత్త రిపోర్టుల్లో ఈ పేరు కనిపిస్తే కంగారు పడకండి, అదే ఇది.

పేరుతో పాటు ఒక మంచి పని కూడా చేశారు. ఇదివరకు మిగతా కారణాలేవీ లేవని తేలితే 'అయితే ఇదే' అనేవాళ్ళు. ఇప్పుడు కాలేయంలో కొవ్వు ఉండి, దానితో పాటు ఐదు విషయాల్లో కనీసం ఒకటి ఉంటే నేరుగా ఇదే జబ్బు అంటారు. ఒకటి బరువు లేదా నడుము: బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 25 లేదా ఆపైన, ఆసియా వాళ్ళకైతే 23 నుంచే, నడుము మగవాళ్ళకు 94, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటడం, ఈ కొలతలు జాతిని బట్టి కొంచెం మారతాయి. రెండు షుగర్: పరగడుపున 100 లేదా ఆపైన, లేదా మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 లేదా ఆపైన, లేదా ఇప్పటికే షుగర్ జబ్బు ఉండటం. మూడు బీపీ 130/85 లేదా ఆపైన, నాలుగు ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, ఐదు మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్ళకు 40, ఆడవాళ్ళకు 50 లేదా అంతకు తక్కువ. బీపీకో కొలెస్ట్రాల్‌కో మాత్రలు వాడుతుంటే అదీ లెక్కలోకి వస్తుంది. మీ సంగతి చూస్తే బీఎంఐ 27 దాటింది, నడుము 92, షుగర్ 108, ట్రైగ్లిజరైడ్లు 190, హెచ్‌డీఎల్ 39. ఐదింటిలో నాలుగు ఉన్నాయి, బీపీ ఒక్కటే ఇంకా హద్దులో ఉంది.

ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు కావు. నేను మీకు చెప్పాలనుకుంటున్నది ముఖ్యంగా ఇదే.

ఇన్సులిన్ అనగానే మనకు షుగర్ తగ్గించే హార్మోన్ అనే గుర్తొస్తుంది. దానికి ఇంకో పని కూడా ఉంది, ఒంట్లోని కొవ్వు కణాలతో 'దాచుకున్న కొవ్వును బయటికి వదలకండి' అని చెప్పడం. ఏళ్ళ తరబడి ఖర్చుకు మించి శక్తి వచ్చి పడుతుంటే, ముఖ్యంగా అది నడుము లోపలి భాగంలో చేరుతుంటే, ఆ కొవ్వు కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. అప్పుడు మీరు ఏమీ తినని వేళల్లో కూడా అవి కొవ్వును రక్తంలోకి వదులుతూనే ఉంటాయి, ఆ కొవ్వు కాలేయానికి చేరుతుంది. మరోవైపు మాట వినిపించడానికి శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అంత ఇన్సులిన్ ఉంటే కాలేయం తనకు వచ్చిన చక్కెరను కూడా కొవ్వుగా మార్చడం మొదలుపెడుతుంది. అలా నిండిపోయిన కాలేయం కొంత కొవ్వును తిరిగి రక్తంలోకి పంపుతుంది, అదే మీ రిపోర్టులోని ట్రైగ్లిజరైడ్లు 190. అవి పెరిగినప్పుడు హెచ్‌డీఎల్ పడిపోతుంది, అది మీ 39. కాలేయం కూడా ఇన్సులిన్ మాట పూర్తిగా వినకపోవడంతో రాత్రంతా అక్కర్లేకపోయినా చక్కెర తయారుచేసి వదులుతుంది, తెల్లారి లేచేసరికి పరగడుపు షుగర్ 108. స్కానింగ్‌లో కనిపించిన కొవ్వు ఈ కథలో ఒక పేజీ, అంతే.

'నూనె మానేయండి, కొవ్వు పోతుంది' అనే సలహా సగమే పనిచేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఇలాంటి రోగుల కాలేయంలోని కొవ్వు ఎక్కడి నుంచి వస్తోందో 2005లో పరిశోధకులు కొలిచి చూశారు. దాదాపు 60 శాతం రక్తంలో తిరిగే కొవ్వు ఆమ్లాల నుంచి వచ్చింది, సుమారు 26 శాతం కాలేయం స్వయంగా తయారుచేసుకున్నది, తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. కాబట్టి నూనె చుక్కలు లెక్కపెడుతూ తీపి పానీయాలు, పళ్ళరసాలు యథేచ్ఛగా తాగితే లాభం ఉండదు. చక్కెరలో సగభాగమైన ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగం కాలేయానికే చేరుతుంది, అక్కడ చాలా తేలిగ్గా కొవ్వుగా మారుతుంది. పళ్ళు తినడం గురించి కాదు నేను చెప్పేది, పళ్ళు తినండి. రసం తీసి గ్లాసులు నింపుకోవడం గురించి చెబుతున్నాను.

ఇంకొక్క మాట, ఇది మీ తిండి తప్పే అని నిందించుకోకండి. ఒకే తిండి తిని ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరి కాలేయమే నిండుతుంది. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో ఒక చిన్న తేడా ఉన్నవాళ్ళలో కాలేయంలో కొవ్వు ఎక్కువగా చేరుతుందని 2008లో బయటపడింది, అది పుట్టుకతో వచ్చేది. సన్నగా ఉన్నవాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళలో సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇది ఉందని అంచనా, అంటే మిమ్మల్ని అదోలా చూసినవాళ్ళలో కూడా కొందరికి ఉండే ఉంటుంది, స్కానింగ్ చేయించుకోలేదు కాబట్టి తెలియదు.

ఇప్పుడు గ్రేడ్ 2 సంగతి. ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది నిద్ర పాడుచేసుకుంటారో, ఇంకెంతమంది గ్రేడ్ 1 అనే మాట చూసి నిశ్చింతగా కూర్చుంటారో నేను రోజూ చూస్తున్నాను. అల్ట్రాసౌండ్‌లో గ్రేడు అంటే కాలేయం తెరమీద ఎంత తెల్లగా మెరుస్తోందన్నది, అంటే కొవ్వు సుమారుగా ఎంత ఉందన్నది మాత్రమే. అందులోనూ చూసే మనిషిని బట్టి, మెషీన్‌ను బట్టి 1 కాస్తా 2 అవుతుంది. కొవ్వు తక్కువగా ఉంటే, కాలేయ కణాల్లో 20 శాతానికి లోపు ఉంటే, మామూలు స్కానింగ్‌కు అసలు కనిపించకపోవచ్చు, నిజానికి 5 శాతం దాటితేనే ఫ్యాటీ లివర్ అంటారు. మరి మనిషి భవిష్యత్తును తేల్చేది ఏమిటంటే కొవ్వు వల్ల కాలేయంలో మచ్చ కట్టిందా, ఎంత కట్టింది అన్నది. దాన్ని ఫైబ్రోసిస్ అంటారు. దెబ్బ మానిన చోట చర్మం మీద మచ్చ మిగిలినట్టే, కొవ్వుతో నిండిన కణాలు వాచి, చచ్చి, మళ్ళీ పుట్టే క్రమంలో కాలేయంలో నారలాంటి మచ్చ పేరుకుంటుంది. దానికి వేరే మెట్లు ఉన్నాయి, ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా, ఎఫ్4 అంటే సిర్రోసిస్, కాలేయమంతా మచ్చకట్టి గట్టిపడిన స్థితి. గ్రేడు వేరు, ఈ మెట్లు వేరు. గ్రేడ్ 3 కొవ్వు ఉండి మచ్చే లేనివాళ్ళు ఉంటారు. గ్రేడ్ 1 అని రాసి, లోపల ఎఫ్3 దాకా వెళ్ళినవాళ్ళూ ఉంటారు. ఇంకా ఘోరం ఏమిటంటే మచ్చ బాగా ముదిరిన కాలేయంలో కొవ్వు తగ్గిపోతుంది కూడా, అప్పుడు 'ఫ్యాటీ లివర్ తగ్గింది' అని సంతోషించి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. కాబట్టి గ్రేడ్ 3 తర్వాత సిర్రోసిస్ అన్న లెక్క మనసులోంచి తీసేయండి.

మరి మచ్చ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మొదటి మెట్టుకు కొత్త పరీక్షే అక్కర్లేదు, మీ దగ్గరున్న అంకెలు చాలు. ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది. ఇందులో వచ్చే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి, వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి, ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి. మీది చేద్దాం. 44ను 34తో గుణిస్తే 1,496. ఎస్‌జీపీటీ 49కి వర్గమూలం 7, దాన్ని 240తో గుణిస్తే 1,680. 1,496ను 1,680తో భాగిస్తే సుమారు 0.89. ఇది 1.3 కంటే తక్కువ ఉంటే కాలేయం బాగా మచ్చకట్టి ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే ఎక్కువ, వెంటనే కాలేయ నిపుణుల దగ్గరికి వెళ్ళాలి. మధ్యలో ఉంటే రెండో పరీక్ష కావాలి. 65 దాటినవాళ్ళకు కింది హద్దు 1.3 బదులు 2.0, ఎందుకంటే వయసే లెక్కను పైకి లాగేస్తుంది. 35 లోపు వాళ్ళలో ఈ లెక్కను అంతగా నమ్మలేం. మీ 0.89 మంచి కబురు. ఇవాళ మీకు బయాప్సీ అవసరం లేదు. ఆ మాట తెలియక ఎన్ని రాత్రులు భయపడ్డారో అనిపిస్తోంది.

ఫైబ్రోస్కాన్ కూడా ఈ అంకెతో తప్పనిసరి కాదు. అయితే చేయించుకుంటే తప్పూ లేదు, ఎందుకంటే షుగర్ హద్దు దాటి ఉంది, ఐదింటిలో నాలుగు ఉన్నాయి, ఇప్పుడు ఒక ఆధారం ఉంటే రెండేళ్ళ తర్వాత పోల్చుకోవచ్చు. నొప్పి ఉండదు. పక్కటెముకల మధ్య నుంచి ఒక చిన్న తరంగాన్ని పంపి అది ఎంత వేగంగా ప్రయాణిస్తోందో చూస్తారు, గట్టిపడిన కాలేయంలో వేగంగా పోతుంది. ఫలితం కిలోపాస్కల్స్‌లో వస్తుంది. 8 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ లేదనే అర్థం, 12 దాటితే గట్టిగా అనుమానించాలి. అదే కాగితం మీద క్యాప్ అని ఇంకో అంకె ఉంటుంది, అది కొవ్వుది, మళ్ళీ దాన్ని చూసి కంగారు పడకండి. వెళ్ళేముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకండి, తిన్న వెంటనే చేస్తే కాలేయానికి రక్తం ఎక్కువగా వచ్చి అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. పరీక్ష చేసేవాళ్ళు కొన్నిసార్లు ఈ మాట చెప్పరు. బయాప్సీ ఎప్పుడంటే, ఈ పరీక్షలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వచ్చినప్పుడు, లేదా ఇది వేరే కాలేయ జబ్బేమో అన్న అనుమానం వచ్చినప్పుడు.

ఆ 'వేరే జబ్బు' సంగతి ఎవరో ఒకరు ఒక్కసారైనా చూడాలి. మీ ఉత్తరంలో హెపటైటిస్ బీ, సీ పరీక్షల ప్రస్తావన లేదు. చేయించకపోతే చేయించండి, ఒక్క రక్తం శాంపిల్ చాలు. థైరాయిడ్ చూపించుకోండి. స్టెరాయిడ్లు, టామాక్సిఫెన్, మెథోట్రెక్సేట్, అమియోడరోన్, వాల్‌ప్రోయేట్ లాంటి మందులు కొన్ని కాలేయానికి కొవ్వు పట్టిస్తాయి లేదా ఉన్నదాన్ని పెంచుతాయి, అలాంటివి వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

ఎస్‌జీపీటీ 49 నార్మలేనా అన్నది మీరు అడగలేదు, బ్రాకెట్‌లో రాసి వదిలేశారు. నార్మల్ కాదు. ల్యాబు వేసే హద్దులు చాలావరకు 'ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు' అనుకున్నవాళ్ళ రక్తం నుంచి తీసినవి, వాళ్ళలో ఎంతోమందికి తెలియని ఫ్యాటీ లివర్ ఉండి ఉండొచ్చు, దాంతో హద్దు పైకి జరిగిపోయింది. నిజంగా ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి పైహద్దు ఆడవాళ్ళలో సుమారు 25, మగవాళ్ళలో 33 అని అమెరికా జీర్ణకోశ వైద్యుల కాలేజీ 2017లో చెప్పింది. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎస్‌జీపీటీ పూర్తిగా మామూలుగా ఉన్నా ఫైబ్రోసిస్ ఉండొచ్చు. కాబట్టి 'ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ రక్తపరీక్ష) నార్మల్, ఇంక పర్లేదు' అన్న మాట ఎవరు చెప్పినా దానితోనే ఆగిపోకండి.

కుడివైపు బరువు గురించి చిన్న మాట. కాలేయం లోపల నొప్పి తెలిసే నరాలు లేవు, దాన్ని కప్పిన పొరకు ఉన్నాయి. కాలేయం కొవ్వుతో ఉబ్బి ఆ పొరను సాగదీస్తే మీరు చెప్పినలాంటి బరువు ఉండొచ్చు. చాలామందికి అదీ ఉండదు, ఏ లక్షణమూ లేకుండా ఏళ్ళు గడిచిపోతాయి. కళ్ళు పచ్చబడటం, పొట్టలో నీరు చేరడం, కాళ్ళ వాపు, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, మనిషి అయోమయంగా మాట్లాడటం, ఇవి కాలేయం బాగా దెబ్బతిన్నాక వచ్చేవి, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మీకు ఇవేవీ లేవు.

ఇక స్టాటిన్. దయచేసి మొదలుపెట్టండి, ఈ మాట బతిమాలి చెబుతున్నాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువగా చనిపోయేది కాలేయం చెడిపోయి కాదు, గుండెజబ్బుతో. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మీకు 162, దానితో పాటు షుగర్ హద్దు దాటి ఉంది, హెచ్‌డీఎల్ తక్కువ. మిమ్మల్ని కాపాడాల్సిన మందును కాలేయం పేరు చెప్పి పక్కన పెట్టారు. స్టాటిన్లు ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకు సురక్షితమని ఎన్నో ఏళ్ళ అనుభవం, పరిశోధనలు చెబుతున్నాయి. ఎస్‌జీపీటీ కొద్దిగా ఎక్కువ ఉన్నా వాడొచ్చు. కాలేయం పూర్తిగా చేతులెత్తేసిన స్థితిలో మాత్రమే వద్దంటారు. కావాలంటే మొదలుపెట్టే ముందొకసారి, రెండుమూడు నెలల తర్వాత ఇంకోసారి రక్తపరీక్ష చేయించుకోండి, మీకూ ధైర్యంగా ఉంటుంది.

ఆ సిరప్ మాత్రం ఆపేయండి. కాలేయాన్ని శుభ్రం చేయడం అంటూ ఏమీ ఉండదు, శరీరాన్ని శుభ్రం చేసేదే కాలేయం. ఏముందో, ఎంత ఉందో సరిగా రాయని మూలికల మందులు, బరువు తగ్గించే పొడులు, గ్రీన్ టీని గాఢంగా చేసిన మాత్రలు తిని కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళ గురించి వైద్య పత్రికల్లో ఎన్నో కేసులు ఉన్నాయి. కొవ్వు పట్టిన కాలేయం మీద ఇంకో దెబ్బ ఎందుకు? ఇప్పటికే కొన్ని వారాలు తాగి ఉంటే ఆ సీసా తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి, కోప్పడతారని దాచకండి.

అసలు మందు బరువు తగ్గడమే. 'బరువు తగ్గండి' అని ఒక ముక్క చెప్పి పంపేస్తారు కాబట్టి నేను మీ బరువుతో లెక్క చెబుతాను. మీరు 68 కిలోలు. అందులో 5 శాతం, అంటే సుమారు మూడున్నర కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు చెప్పుకోదగ్గంతగా తగ్గుతుంది. 7 శాతం, దగ్గరదగ్గర ఐదు కిలోలు తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం ఎక్కువ. 10 శాతం, అంటే ఏడు కిలోలకు కాస్త తక్కువ తగ్గినవాళ్ళలో చాలామందికి మచ్చ సైతం వెనక్కి వెళ్ళడం బయాప్సీల్లో కనిపించింది. మచ్చ వెనక్కి వెళ్ళగల అవయవాలు మన ఒంట్లో ఎక్కువ లేవు! అయితే ఆత్రపడకండి. నెలలో పది కిలోలు తగ్గించే పద్ధతులతో పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి, కాలేయంలో వాపు పెరగొచ్చు కూడా. ఆరునెలల నుంచి ఏడాది పెట్టుకోండి, వారానికి అరకిలో దాటనక్కర్లేదు.

బరువు కదలని వారాలు ఉంటాయి, ఆ వారాల్లో మనసు విరిగిపోతుంది, అప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి: వ్యాయామం బరువు తగ్గించకపోయినా కాలేయంలోని కొవ్వును తగ్గిస్తుంది. వారానికి 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేంత వేగంగా నడక, కుదిరితే రెండు రోజులు కండరాలకు పని చెప్పే బరువుల వ్యాయామం. కండరం ఎక్కువగా పనిచేస్తే రక్తంలోని చక్కెరను అదే తీసుకుంటుంది, కాలేయానికి చేరే భారం తగ్గుతుంది. తిండిలో ముందు తీపి పానీయాలు, పళ్ళరసాలు ఆపండి, తర్వాత తెల్లటి పిండి పదార్థాలు తగ్గించి కూరగాయలు, పప్పుదినుసులు పెంచండి. ఏ ఆహార పద్ధతి గొప్పదన్న వాదనల్లోకి నేను వెళ్ళను, మీరు ఏళ్ళ తరబడి పాటించగలిగేదే మీకు మంచిది. కాఫీ అలవాటుంటే మానక్కర్లేదు, చక్కెర లేకుండా తాగండి, కాఫీ తాగేవాళ్ళలో ఫైబ్రోసిస్ తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. నిద్రలో గట్టిగా గురక పెట్టి ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లోవాళ్ళు ఎప్పుడైనా అన్నారా? అంటే అది కూడా డాక్టరుతో చెప్పండి, దీనికీ దానికీ సంబంధం ఉంది.

దీనికి మాత్రలు వచ్చాయట కదా అని ఎవరైనా అంటే, వచ్చాయి. అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కు, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కు ఈ జబ్బు కోసం అనుమతి వచ్చింది. కానీ ఆ అనుమతి కాలేయంలో వాపుతో పాటు మచ్చ ఎఫ్2, ఎఫ్3 మెట్లలో ఉన్నవాళ్ళకు. మీ అంకెలను బట్టి చూస్తే మీరు ఆ కోవలోకి వచ్చేలా లేరు. విటమిన్ ఇ మాత్రలు కూడా కొందరు సొంతంగా కొని వేసుకుంటారు. అది షుగర్ లేనివాళ్ళలో, బయాప్సీలో వాపు తేలినవాళ్ళలో పరీక్షించిన మందు, అందరికీ కాదు.

సమయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఏదో తరుముకొస్తున్నట్టు తొందర కనిపించింది. కొవ్వు మాత్రమే ఉన్నవాళ్ళలో మచ్చ ఒక మెట్టు ఎక్కడానికి సగటున 14 ఏళ్ళు, వాపు కూడా ఉన్నవాళ్ళలో సగటున 7 ఏళ్ళు పడుతుందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. సగటు కాబట్టి కొందరిలో వేగంగా వెళుతుంది, షుగర్ ముదిరితే ఇంకా వేగంగా వెళుతుంది. మీకు సమయం ఉంది, దాన్ని వాడుకోండి. మూడు నెలలకోసారి షుగర్, ట్రైగ్లిజరైడ్లు, ఎస్‌జీపీటీ, నడుము కొలత రాసి పెట్టుకోండి. ఏడాది రెండేళ్ళకోసారి ఫిబ్-4 మళ్ళీ లెక్కించండి. స్కానింగ్ పదే పదే చేయించుకుని గ్రేడు మారిందా అని చూసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మీ అక్కయ్య సంగతి. 'ఆవిడకు లివర్ సమస్యేమీ లేదు' అని రాశారు. ఎవరైనా చూశారా అమ్మా? రెండో రకం షుగర్ ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఫ్యాటీ లివర్ ఉంటుంది, మచ్చ ముదిరే ముప్పు కూడా వాళ్ళలోనే ఎక్కువ. అందుకే వాళ్ళందరికీ లక్షణాలు లేకపోయినా ఫిబ్-4 లెక్కించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆవిడకు 52 ఏళ్ళు అనుకుందాం, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అచ్చం మీలాగే 34, 49 అనుకుందాం, ప్లేట్‌లెట్లు 1,60,000 అనుకుందాం. కాగితం మీద ఒక్కటి కూడా ఎర్ర అక్షరాల్లో రాదు, అన్నీ నార్మల్ అనే ఉంటుంది. లెక్క చేస్తే మాత్రం 1.58 వస్తుంది, అంటే 1.3 దాటింది, ఫైబ్రోస్కాన్ చేయించాలి. ఇది ఊహించి వేసిన లెక్కే, ఆవిడ అసలు అంకెలు ఇంతకంటే బాగుండొచ్చు. ఈ వారంలో ఫోన్ చేసి ఆవిడ దగ్గరున్న ఇటీవలి రక్తపరీక్షల ఫొటో పంపమనండి, పైన మీకు చేసి చూపించినట్టే ఆవిడకూ చేయండి. ప్లేట్‌లెట్లు చూడకుండా చేసిన పరీక్షలైతే ఆ ఒక్కటి చేయించమనండి, 1.3 దాటితే మీకంటే ముందు ఆవిడను తీసుకుని కాలేయ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.